హృదయం తెలుసు, అంతరింద్రియాలు తెలుసా?

దేవుడు మనిషి హృదయాన్నీ, అంతరింద్రియాలనూ పరీక్షిస్తాడని పరిశుద్ధ గ్రంథం పదేపదే చెబుతుంది. ఏడవ కీర్తనలో దావీదు ఈ మాట అన్నాడు (7:9). ఇరవై ఆరవ కీర్తనలో తన్ను అలా పరీక్షించమని తానే వేడుకున్నాడు (26:2). యిర్మీయా నోట ఈ మాట నాలుగుసార్లు వినిపిస్తుంది (11:20, 12:2, 17:10, 20:12). చివరికి ప్రకటన గ్రంథంలో ప్రభువైన యేసు తుయతైర సంఘంతో అదే మాట పలికాడు (2:23). ఆదివారం ఆరాధనలో కీర్తనలను ఒకరి తర్వాత ఒకరం చదివేటప్పుడు మనమంతా ఈ మాటను పలుకుతూనే ఉన్నాం. హృదయం అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి అంతరింద్రియం అంటే ఏమిటి? అది శరీరంలో ఎక్కడ ఉంది?

చాలామంది విశ్వాసులు దీనికి ‘మనసు’ అని జవాబు చెబుతారు. కొందరు ‘మనస్సాక్షి’ అంటారు. రెండూ తప్పు కాదు. అయితే దావీదు, యిర్మీయా పలికిన హెబ్రీ మాట మాత్రం కంటికి కనిపించే, చేతికి తగిలే ఒక అవయవం పేరు. ఆ అవయవం మూత్రపిండం. అవును, ఆసుపత్రి బల్లమీద వైద్యుడు స్కానింగ్ తీసి చూపించే మూత్రపిండమే. దేవుడు మన మూత్రపిండాలను పరీక్షిస్తాడని ప్రవక్త అన్నాడంటే వినడానికి వింతగా ఉంటుంది. ఆ వింతలో గొప్ప సత్యం దాగి ఉంది. ఈ వారం ఆ ఒక్క మాట వెంట నడిచి చూద్దాం.

ఒకే మాట, రెండు తెలుగు పేర్లు

హెబ్రీ భాషలో మూత్రపిండాన్ని ‘కిల్యా’ అంటారు. బహువచనంలో ‘కెలాయోత్’. దీనికి చుట్టాలైన మాటలు పశ్చిమాసియా భాషల్లో ఇంకా ఉన్నాయి. అరబ్బీలో ‘కుల్యా’ అంటే మూత్రపిండమే. పురాతన బబులోనులో వాడిన అక్కాదు భాషలో ‘కలీతు’ అనేవారు. పాత నిబంధనలో ఈ మాట ముప్పైసార్లకు పైగా వస్తుంది. కొత్త నిబంధనలో దీనికి సమానమైన గ్రీకు మాట ‘నెఫ్రోస్’ ఒకే ఒక్కసారి, పైన చెప్పిన ప్రకటన గ్రంథంలోని వచనంలో కనిపిస్తుంది. నేడు మూత్రపిండాల వైద్య శాస్త్రాన్ని నెఫ్రాలజీ అంటున్నది ఈ గ్రీకు మాటను బట్టే.

పాత నిబంధనలో ఈ మాట ముఖ్యంగా రెండు చోట్ల వినిపిస్తుంది. ఒకటి బలిపీఠం దగ్గర. నిర్గమకాండం 29వ అధ్యాయంలో, లేవీయకాండం 3, 4, 7, 8, 9 అధ్యాయాల్లో బలిపశువు మూత్రపిండాలను, వాటిమీది కొవ్వును తీసి దేవునికి దహించమని ఆజ్ఞ ఉంది. రెండవది మనిషి లోపలి బ్రతుకును గురించి చెప్పే చోట. కీర్తనల్లో, యోబులో, సామెతల్లో, యిర్మీయాలో, విలాపవాక్యాల్లో మనిషి రహస్య ఆలోచనలకూ, వేదనకూ, ఆశకూ మూత్రపిండాలే చోటు.

హెబ్రీ వాడికి ఈ రెండు చోట్లా వినబడింది ఒకటే మాట. బలిపీఠం మీద కాలుతున్న మూత్రపిండాన్ని చూసిన కన్నుతోనే అతడు తన లోపలికి చూసుకున్నాడు. మన తెలుగు బైబిలులో మాత్రం ఈ మాట రెండు పేర్లుగా విడిపోయింది. బలిపీఠం దగ్గర ‘మూత్రగ్రంథులు’ అయింది. కీర్తనల్లో ‘అంతరింద్రియములు’ అయింది. అందువల్ల ఆ రెండింటికీ ఉన్న బంధం మన చూపుకు అందకుండా పోయింది.

గొర్రెల కాపరికి తెలిసిన సంగతి

కర్నూలు, కడప ప్రాంతాల్లో గొర్రెలు, మేకలు తెలియని ఊరు లేదు. వాన మొహం చాటేసిన ఏడు పంట పోయినా మందను నమ్ముకుని బ్రతికిన కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో. కాబట్టి లేవీయకాండంలోని మాటలు కోస్తా వారికంటే మనకే దగ్గర. అందులో ‘కాలేజము’ అని ఉన్నదాన్నే మనం అంగట్లో ‘కారిజం’ అని అడుగుతాం. కర్నూలులో నవాబుల ఏలుబడి 1839 దాకా సాగింది గనుక అక్కడ ఉర్దూ మాటలు ఇంటి మాటల్లాగే కలిసిపోయాయి. మూత్రపిండాన్ని ‘గుర్దా’ అంటే అర్థం కానివారు తక్కువ. అది ఫారసీ నుంచి వచ్చిన మాట.

పొట్టేలును కోసే మనిషిని గమనించండి. పొట్ట చీల్చగానే ముందు బోటి బయటికి వస్తుంది. తర్వాత కారిజం, గుండెకాయ, ఊపిరితిత్తులు. అన్నీ తీశాక, లోపల ఖాళీ అయ్యాక కూడా వెన్నుకు ఆనుకొని, తెల్లటి కొవ్వు ముద్దలో కూరుకుపోయి రెండు కాయలు మిగిలి ఉంటాయి. కొవ్వు చీలిస్తేగానీ అవి కనబడవు. అవే మూత్రపిండాలు. పశువు శరీరంలో అన్నిటికంటే లోపల, అన్నిటికంటే చివరికి చేతికి అందేవి అవి. బలి పశువులను కోసిన యాజకులకు ఇది రోజూ చూసే సంగతి. అందుకే వారి భాషలో ‘అతి లోతైన చోటు’ అనడానికి అంతకంటే మంచి మాట లేదు.

ఆ లోతైన భాగాన్ని దేవుడు తనకోసం అడిగాడు. సమాధానబలిలో మాంసం యాజకునికీ, అర్పించిన వారికీ దక్కేది. కొవ్వు, మూత్రపిండాలు మాత్రం ఎవరూ ముట్టకూడదు. అవి దేవునివి. పైపైన కనబడే భాగంతో ఆయన తృప్తిపడలేదు. చివరిదాకా వెదికితేగానీ దొరకని దాన్నే తన బలిపీఠం మీద పెట్టమన్నాడు.

మన దేశపు పాత వైద్యులకు కూడా ఈ అవయవం తెలుసు. సంస్కృతంలో దీని పేరు ‘వృక్కం’. తెలుగు మీడియంలో చదివినవారు జీవశాస్త్రం పాఠంలో ఈ మాటను చూసే ఉంటారు. చరక సంహితలో శరీరంలోని కొవ్వును మోసే నాళాలకు మూలం వృక్కాలూ, వపా అని చెప్పారు. వప అంటే పేగులమీద పొరలా పరుచుకున్న కొవ్వు. మన లేవీయకాండంలో మూత్రగ్రంథుల పక్కనే ‘వప’ అనే మాట ఉండడం గమనించండి. తెలుగు అనువాదకులు ఆ మాటను ఊరకే వాడలేదు. యజ్ఞాల భాషలోనూ, ఆయుర్వేదంలోనూ నలిగిన మాటను ఎంచుకున్నారు.

అంతరింద్రియం ఎలా వచ్చింది?

ఇక ‘అంతరింద్రియం’ సంగతి. ఇంద్రియం అంటే తెలుసుకోవడానికి, పని చేయడానికి శరీరంలో ఉన్న సాధనం. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం బయటి ఇంద్రియాలు. లోపల ఉండి వీటన్నిటినీ నడిపించే మనసును మన దేశపు తత్వవేత్తలు లోపలి ఇంద్రియం అన్నారు. అదే అంతరింద్రియం. అది కోసి చూస్తే దొరికే అవయవం కాదు. హెబ్రీ వాడు కండకు, కొవ్వుకు పెట్టిన పేరును మన అనువాదకులు తత్వశాస్త్రపు మాటగా మార్చారు.

తెలుగులో బైబిలు అనువాదం పెద్ద ప్రయాణం. పద్దెనిమిదవ శతాబ్దంలోనే మద్రాసులో బెంజమిన్ షుల్జ్ తెలుగులోకి అనువదించాడు గానీ అది అచ్చు కాలేదు. విశాఖపట్నంలో లండన్ మిషన్ వారు చేసిన సువార్తల అనువాదం 1812లోనూ, సేరంపూరులో కేరీ బృందం చేసిన కొత్త నిబంధన 1818లోనూ వెలువడ్డాయి. పందొమ్మిదవ శతాబ్దం మధ్యనాటికి బైబిలు అంతా తెలుగులో అచ్చయింది. తర్వాత కూడా విశాఖపట్నంలో జాన్ హే వంటివారు ఏళ్ల తరబడి సవరిస్తూ వచ్చారు. వారి పక్కన కూర్చున్న తెలుగు పండితులకు సంస్కృతం కొట్టిన పిండి. మనిషి లోపలి బ్రతుకును గురించి మాట కావాలంటే వారికి సహజంగా తట్టేది సంస్కృత పదమే. తమిళ బైబిలులోనూ ఇదే జరిగింది. అక్కడ ‘ఉళ్ళిందిరియం’ అన్నారు. అంటే లోపలి ఇంద్రియం. కన్నడంలో మనలాగే ‘అంతరింద్రియ’ అన్నారు. దక్షిణాది భాషలన్నీ ఒకే దారి పట్టాయి.

ఇంగ్లీషు వారి కథ వేరు. లాటిన్‌లో మూత్రపిండాలను ‘రేనెస్’ అంటారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు దాన్నిబట్టి ‘రెయిన్స్’ అని వాడింది. కాలం గడిచాక ఆ మాట వాడుకలోంచి పోయింది. చదివేవారికి గుర్రపు కళ్లెం గుర్తుకు రావడం మొదలైంది. అందుకని తర్వాతి ఇంగ్లీషు బైబిళ్లు చాలావాటిలో దాన్ని మనసు అనో, హృదయం అనో మార్చేశాయి. అలా మార్చిన చోట మూత్రపిండం జాడ లేకుండా పోయింది. ఆ లెక్కన మన తెలుగు అనువాదకులు మేలే చేశారు. హృదయం పక్కన ఇంకొక మాట ఉందనీ, అది లోపలిదనీ కనీసం గుర్తు మిగిల్చారు.

కడప చెప్పే పాఠం

మాటల విషయంలో మన కడపకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. ఇక్కడే తెలుగు మీద ప్రేమ పెంచుకున్నాడు. బంగళా కొని, పండితులను పెట్టుకుని పాత గ్రంథాలను సేకరించి సరిచూయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. 1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 1854లో కచేరీల్లో, సంతల్లో జనం నోట కలిసిపోయిన ఉర్దూ, ఫారసీ మాటల కోసం మిశ్రభాషా నిఘంటువును కూడా తెచ్చాడు. ఆయన ఉన్న చోటే నేడు కడపలో బ్రౌన్ గ్రంథాలయం నిలిచింది. లండన్ మిషన్ వారు కూడా ఇంచుమించు అదే కాలంలో, 1822లో, కడపలో పని మొదలుపెట్టారు.

బ్రౌన్ నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. పండితుని మాటతో పాటు పల్లెవాని మాటకు కూడా ఆయన విలువ ఇచ్చాడు. ఆ కళ్లతో చూస్తే, హెబ్రీ వాడి మూత్రపిండానికి మన ఊరి తెలుగులో సరితూగే మాట ఏది? మాకు తోచినంతవరకు అది ‘కడుపు’. బాధ వస్తే కడుపు తరుక్కుపోతుందంటాం. అసూయను కడుపు మంట అంటాం. పైకి తీయగా మాట్లాడి లోపల పగ దాచినవాణ్ణి కడుపులో విషం పెట్టుకున్నాడంటాం. తప్పు చేసిన బిడ్డను క్షమించిన తల్లి ఆ తప్పును కడుపులో పెట్టుకుంది అంటాం. ఇక్కడ కడుపు అంటే అన్నం అరిగే చోటు మాత్రమే కాదు. బయటివారికి కనబడని మనిషి అసలు రూపం ఉండే చోటు.

ఆ మాటతో డెబ్బై మూడవ కీర్తన చదివి చూడండి. దుష్టులు సుఖంగా ఉండడం చూసిన ఆసాపుకు హృదయం చేదెక్కింది. మూత్రపిండాల్లో పోటు పొడిచినట్టయింది (73:21). అది మన కడుపు మంటే. విలాపవాక్యాల్లో ప్రవక్త, దేవుని అమ్ములపొది బాణాలు తన మూత్రపిండాల్లో దిగాయని ఏడ్చాడు (3:13). సామెతల్లో తండ్రి, కొడుకు నోట సరైన మాట వింటే తన మూత్రపిండాలు ఆనందిస్తాయన్నాడు (23:16). పదహారవ కీర్తనలో రాత్రివేళ అవే దావీదుకు బుద్ధి చెప్పాయి (16:7). యూదుల తల్మూదులో రెండు మూత్రపిండాల్లో ఒకటి మేలు సలహా, మరొకటి కీడు సలహా ఇస్తుందని రబ్బీలు చెప్పుకున్నారు. అందరూ నిద్రపోయాక, దీపం ఆరిపోయాక, మనిషి ఒంటరిగా తనతో తాను మాట్లాడుకునే ఆ ఘడియను గురించే ఇదంతా.

గర్భంలో చేసిన పని

నూట ముప్పై తొమ్మిదవ కీర్తనలో తల్లి గర్భంలో దేవుడు తన్ను నిర్మించాడని దావీదు అన్నప్పుడు, ముందుగా పేరు పెట్టి చెప్పిన అవయవం కూడా మూత్రపిండమే (139:13). మన బైబిలులో అక్కడ కూడా అంతరింద్రియములనే ఉంది. నేటి వైద్య శాస్త్రం ఈ పనిని వివరంగా చూసింది. గర్భంలోని శిశువుకు మూత్రపిండాలు మూడు విడతలుగా తయారవుతాయి. మొదటి రెండూ వచ్చిపోయే తాత్కాలిక ఏర్పాట్లు. ఐదవ వారంలో మొదలయ్యే మూడవదే నిలుస్తుంది. అది కటి భాగంలో పుట్టి, మెల్లగా పైకి జరిగి, వెన్నుకు ఇరుపక్కలా తన చోటికి చేరుతుంది. ఒక్కొక్క మూత్రపిండంలో ఇంచుమించు పది లక్షల వడపోత గొట్టాలు ఉంటాయి. నెలలు నిండేసరికి వాటి తయారీ ముగుస్తుంది. పుట్టాక కొత్తవి రావు. తల్లి గర్భంలో ఇచ్చినవాటితోనే బ్రతుకంతా గడపాలి.

పిడికిలంత ఉండే ఈ అవయవాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో నూటికి తొంభై తొమ్మిది వంతులు తిరిగి రక్తానికే ఇచ్చేస్తాయి. మిగిలిన ఒకటిన్నర లీటరుతో విషాన్ని బయటికి పంపుతాయి. నీటి చుక్క విలువ తెలిసిన రాయలసీమకు ఈ పొదుపు ఎంత గొప్పదో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ నేల ఎండ వాటికి పరీక్షే. వేసవిలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు రాళ్ల గనుల్లో, పొలాల్లో పని చేసేవారికి చెమట ద్వారా నీరంతా పోతుంది. నీరు తగినంత తాగకపోతే మూత్రంలో రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ. ఒళ్లు నొప్పులకని మందుల దుకాణంలో కొనుక్కుని నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చక్కెర వ్యాధి, రక్తపోటు అదుపులో లేకపోయినా అంతే. అన్నిటికంటే భయపెట్టే సంగతి ఏమిటంటే ఈ జబ్బు చాలాకాలం నొప్పి తెలియనివ్వదు. మనిషి బాగానే ఉన్నాననుకుంటాడు. రక్తపరీక్ష చేసినప్పుడే నిజం బయటపడుతుంది. మన శరీరం పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 6:19). ఆలయానికి సున్నం వేసే మనం, ఆలయమైన ఒంటికి గుక్కెడు నీళ్లు, ఏడాదికొక పరీక్ష ఇవ్వడం భక్తిలో భాగమే.

మూత్రపిండాలు పూర్తిగా చెడితే ఒకప్పుడు చావే గతి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నెదర్లాండ్స్‌లో విల్లెం కోల్ఫ్ అనే వైద్యుడు రక్తాన్ని బయట వడకట్టే యంత్రాన్ని తయారుచేశాడు. నేటి డయాలసిస్‌కు అదే నాంది. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం కవల సోదరులలో ఒకరి మూత్రపిండాన్ని మరొకరికి అమర్చింది. మన దేశంలో సజీవ దాత ఇచ్చిన మూత్రపిండాన్ని విజయవంతంగా అమర్చింది 1971లో, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో. కడప నుంచి ఎందరో రోగులు రైలెక్కే వెల్లూరు అది. ఐడా స్కడర్ అనే మిషనరీ వైద్యురాలి ప్రార్థనలో పుట్టిన ఆసుపత్రి అది. అవయవాల అమ్మకాన్ని 1994 చట్టం నేరమని చెప్పింది. కానీ ప్రేమతో ఇవ్వడానికి అడ్డులేదు. మన రాష్ట్రంలో జీవన్‌దాన్ ద్వారా మరణానంతరం కూడా ఇవ్వవచ్చు. తన అంతరింద్రియాన్ని పొరుగువానికి ఇచ్చి బ్రతికించడం కంటే ప్రేమకు పెద్ద సాక్ష్యం ఏముంది?

నోటికి దగ్గర, లోపలికి దూరం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. యిర్మీయా పన్నెండవ అధ్యాయంలో దేవునితో ఒక ఫిర్యాదు చేశాడు. ఈ ప్రజల నోటికి నువ్వు దగ్గరగానే ఉన్నావు, వారి మూత్రపిండాలకు మాత్రం దూరంగా ఉన్నావు అన్నది దాని భావం (12:2). ఇది అన్యులను గురించి కాదు. దేవాలయానికి వచ్చేవారిని గురించి. బలులు అర్పించేవారిని గురించి. బలిపీఠం మీద పశువు మూత్రపిండాలను పెట్టి, తమ మూత్రపిండాలను ఇంట్లో దాచుకుని వచ్చినవారిని గురించి. హెబ్రీలో మాట ఒకటే గనుక ఆ పోటు వారికి సూటిగా తగిలింది. మనకు మాట విడిపోయింది గనుక పోటు తగలకుండా తప్పించుకుంటున్నాం.

కర్నూలు, కడప పేరు చెప్పగానే బయటివారు ఫ్యాక్షన్ అంటారు. ఇది అన్యాయమే. కష్టపడి బ్రతికే లక్షలాది జనం నేల ఇది. అయినా కక్ష అనే మాట మనకు కొత్త కాదు. గట్టు తగాదా, బోరు తగాదా, పెళ్లి సంబంధం చెడిన తగాదా, సంఘంలో పెద్దరికం తగాదా, ఇలా మొదలైనది తాత నుంచి మనవడికి ఆస్తిలాగా చేరుతుంది. ఒకే గుడిలో ఒక కుటుంబం ఈ వైపు, మరో కుటుంబం ఆ వైపు. ఇరవై ఏళ్లుగా పలకరింపు లేదు. ఇద్దరూ ఒకే పాట పాడతారు. ఇద్దరూ ఒకే రొట్టె తీసుకుంటారు. నోటికి ప్రభువు దగ్గరే. లోపలికి మాత్రం ఎంత దూరం! ఇలాంటి సంఘం మాది కాదని ధైర్యంగా చెప్పగలవారు ఎందరు?

మూత్రపిండం మనకు నేర్పే పాఠం ఇక్కడుంది. అది విషాన్ని దాచుకోదు. నిమిషం నిమిషం వడకడుతుంది. మేలైనదాన్ని తిరిగి ఒంటికి ఇస్తుంది. చెడును బయటికి పంపుతుంది. ఆ పని ఆగితే విషం ఒళ్లంతా పాకుతుంది. ఎదుటివాడికి కాదు, దాచుకున్నవాడికే. పగ కూడా అంతే. శత్రువుకు పెట్టిన విషమనుకుని మనమే రోజూ తాగుతాం. డయాలసిస్ రోగి తన రక్తాన్ని తాను శుద్ధి చేసుకోలేడు. యంత్రం దగ్గరికి వెళ్లక తప్పదు. మనం కూడా మన లోపలిని మనం కడుక్కోలేం. క్రీస్తు దగ్గరికి వెళ్లక తప్పదు. అయితే ఆయన దగ్గరికి వెళ్లే దారిలో ఒక మజిలీ ఉంది. బలిపీఠం దగ్గర అర్పణ పట్టుకుని నిలబడినప్పుడు సహోదరునికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణను అక్కడే వదిలి, ముందు వెళ్లి సమాధానపడమని ఆయనే చెప్పాడు (మత్తయి 5:23, 24). బలిపీఠానికీ కడుపుకూ ఉన్న బంధాన్ని ప్రభువు మళ్లీ కలిపాడు.

ఇది చెప్పినంత సులువు కాదని మాకు తెలుసు. నష్టపోయినవాడికి, అయినవారిని పోగొట్టుకున్నవాడికి క్షమాపణ ఒక్క ప్రసంగంతో రాదు. ఆసాపుకు కూడా రాలేదు. ఆలోచించి ఆలోచించి అలసిపోయాడు. చివరికి దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లాకే అతని లోపలి పోటు తగ్గింది (73:17). అతడు తన మంటను దాచలేదు. దేవుని ముందు ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. వైద్యుని ముందు నొప్పి దాచేవాడు ఎలా బాగుపడతాడు? పరీక్షించమని దావీదు అడిగినప్పుడు అతనిలో లోపం లేదని కాదు. లోపం బయటపడితేనే మందు దొరుకుతుందని. దేవుని పరీక్ష శిక్ష వేయడానికి మాత్రమే అనుకుంటే భయపడి పారిపోతాం. బాగుచేయడానికని తెలిస్తే మనమే వెళ్లి అడుగుతాం.

చివరిగా యోబు మాట. సమాధి కార్యక్రమాల్లో మన కాపరులు చదివే పంతొమ్మిదవ అధ్యాయంలో, తన విమోచకుడు సజీవుడని యోబు చెప్పాడు. ఆయనను తన కళ్లతోనే చూస్తానని చెప్పి, ఆ ఆశతో తన మూత్రపిండాలు లోలోపల కృశించిపోతున్నాయన్నాడు (19:25-27). ఒళ్లంతా పుండ్లు పడి, పిల్లలను పోగొట్టుకుని, స్నేహితుల నిందలు పడిన మనిషి అతడు. అంతకుముందు తన మూత్రపిండాలే చీలిపోయాయని ఏడ్చినవాడు (16:13). వేదన గుచ్చిన ఆ చోటులోనే ఆశ కూడా పుట్టింది. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్న సహోదరుడు, సహోదరి మీ సంఘంలో ఉంటే ఈ వారం వారి ఇంటికి వెళ్లండి. ఆ వచనాలు చదివి, ఆ మాటకు అసలు అర్థం చెప్పండి. జబ్బుపడిన ఆ అవయవం పేరుతోనే పరిశుద్ధ గ్రంథం దేవుని మీది ఆశను చెప్పిందని తెలిస్తే వారికి ఎంత ఆదరణ!

అలాగే పలకరింపు లేని ఇల్లు ఏదైనా ఉంటే, వచ్చే ప్రభువు బల్లకు ముందే ఆ గడప కూడా తొక్కుదాం.